కలిసిపోతున్న గెలాక్సీలు, వాటి చల్లని వాయువు: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మా ఇంటి దాబా మీద ఎనిమిది అంగుళాల టెలిస్కోపు ఉంది. కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాక దాన్ని కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల దాకా బడులకు తీసుకెళ్తున్నాను. చంద్రుడు, శనివలయాలు చూడటం అయిపోగానే ఎవరో ఒకరు ఫోను తీసి, రెండు గెలాక్సీలు పెనవేసుకున్న బొమ్మ చూపించి ప్రశ్నలు మొదలుపెడతారు. ఏళ్ల తరబడి అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. కొన్నిటికి చాలా చెప్పాల్సి వచ్చింది, కొన్నిటికి ఒక్క మాట సరిపోయింది.

రెండు గెలాక్సీలు ఢీకొంటే నక్షత్రాలన్నీ గుద్దుకుని పగిలిపోవా?

పోవు. సూర్యుణ్ని జొన్నగింజంత చేసి వరంగల్ చౌరస్తాలో పెట్టామనుకోండి. సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అదే కొలతలో అది ఇంకా చిన్న గింజై బెల్లంపల్లి దగ్గర పడుతుంది. నడుమ అంతా ఖాళీ. ఇంత పలచగా చల్లిన గింజల గుంపులు రెండు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోయినా గింజకు గింజ తగలదు.

గెలాక్సీల మధ్య దూరాల సంగతి వేరు. పాలపుంతను అడుగు వెడల్పు పళ్లెం అనుకుంటే, ఆండ్రోమెడా గెలాక్సీ పాతిక అడుగుల దూరంలో ఉన్న మరో పళ్లెం. అంత దగ్గర కాబట్టే గెలాక్సీలు కలవడం విశ్వంలో మామూలు సంగతి.

అయితే నిజంగా ఢీకొనేది ఏమిటి?

వాయువు. నక్షత్రాల నడుమ ఖాళీ అన్నాను కదా, అది పూర్తి ఖాళీ కాదు. అక్కడ పరుచుకుని ఉన్న హైడ్రోజన్ మేఘాలు వందల కాంతి సంవత్సరాల వెడల్పున ఉంటాయి. అవి తప్పించుకుని పోలేవు. ఎదురుపడితే తాకుతాయి, నలుగుతాయి, వేడెక్కుతాయి, మళ్లీ చల్లబడి చిక్కబడతాయి. నక్షత్రాలకు ఈ అనుభవం లేదు. ఫొటోల్లో మెరిసేది నక్షత్రాలే అయినా, రెండు గెలాక్సీలు కలిసినప్పుడు ఆ తర్వాత ఏం జరగాలో నిర్ణయించేది చాలావరకు ఈ కనబడని సరుకే. ఈ ఒక్క మాట చెప్పడానికే మిగతాదంతా రాస్తున్నాను.

గ్యాస్ అంటే ఏ గ్యాస్?

ఈ ప్రశ్న భూపాలపల్లిలో ఒక బొగ్గుగని కార్మికుడు అడిగాడు. గనిలో గ్యాస్ అంటే మీథేన్, అంటే భయం. ఆయన ముఖంలో ఆ భయమే కనబడింది. ఇక్కడ మనం మాట్లాడేది ముఖ్యంగా హైడ్రోజన్. బరువులో సుమారు నాలుగింట మూడు వంతులు అదే, మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం హీలియం. కార్బన్, ఆక్సిజన్ వంటివి చిటికెడు, దాంతోపాటు మసి లాంటి సన్నటి ధూళి. అంటుకునే ప్రమాదం లేదు, అంత పలచన. మనం పీల్చే గాలిలో ఒక ఘన సెంటీమీటరుకు కోటి కోట్లకు లక్షల రెట్లు అణువులుంటాయి. నక్షత్రాల నడుమ వాయువులో అదే చోట సగటున ఒక్క పరమాణువు ఉంటే గొప్ప. నక్షత్రాలు పుట్టే చిక్కని మేఘాల్లో కూడా వందలు, వేలే. గనిలోకి పంపే ఏ పంపూ ఇంత మంచి శూన్యాన్ని తయారుచేయలేదని చెబితే ఆయన నవ్వాడు.

చల్లన అంటే ఎంత చల్లన? చల్లగా ఉండటం ఎందుకంత ముఖ్యం?

విడివిడి పరమాణువుల రూపంలో ఉన్న హైడ్రోజన్ మేఘాలు సుమారు 100 కెల్విన్ దగ్గర ఉంటాయి, అంటే సున్నాకు దిగువన 173 సెల్సియస్. రెండేసి పరమాణువులు జతకట్టి అణువులైన మేఘాలు 10 నుంచి 50 కెల్విన్. రామగుండం మే నెల ఎండలో నిలబడి సున్నాకు దిగువన 263 డిగ్రీలని చెబుతుంటే పిల్లలు ఆశగా వింటారు.

వాయువు వేడిగా ఉంటే దాని కణాలు నాలుగు వైపులా పరుగెడతాయి, గురుత్వాకర్షణ వాటిని ఒకచోటికి లాగలేదు. చల్లబడితే ఆ పరుగు తగ్గి, మేఘం తన బరువుకు తానే కుంగుతుంది, నక్షత్రం పుడుతుంది. మన వైపు వాళ్లకు చెరువు ఉపమానం సులువుగా ఎక్కుతుంది. పరమాణు హైడ్రోజన్ చెరువులో నిలిచిన నీళ్లు. అణు హైడ్రోజన్ తూము దాటి మడిలోకి వచ్చిన నీళ్లు. పంట పండేది మడిలో నీళ్లతోనే, కానీ చెరువు ఎండితే మడికి దిక్కులేదు. ధూళి రేణువుల మీద పరమాణువులు వాలి జతకట్టడం, ఆ ధూళే అతినీలలోహిత కాంతిని అడ్డుకుని జంటలు విడిపోకుండా కాపాడటం, ఇదంతా తూము దగ్గర జరిగే పని.

కంటికి కనబడనిదాన్ని ఎలా కొలుస్తారు?

రేడియో తరంగాలతో. పరమాణు హైడ్రోజన్‌లో ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్ ఉంటాయి. రెండిటికీ భ్రమణం లాంటి ఒక లక్షణం ఉంది. రెండూ ఒకే దిశలో ఉన్న స్థితి నుంచి ఎలక్ట్రాన్ తిరగబడితే 21 సెంటీమీటర్ల తరంగం వెలువడుతుంది. పౌనఃపున్యం 1420 మెగాహెర్ట్జ్. దీన్ని 1944లో డచ్చి శాస్త్రవేత్త వాన్ డె హుల్స్ట్ లెక్కగట్టి చెప్పాడు, 1951లో హార్వర్డ్‌లో యూవెన్, పర్సెల్ పట్టుకున్నారు. ఒక్కో పరమాణువు తనంతట తాను ఇలా తిరగబడటానికి సగటున కోటీ పది లక్షల ఏళ్లు పడుతుంది. అయినా ఒక గెలాక్సీలో పరమాణువుల సంఖ్య ముందు ఈ ఆలస్యం ఏమాత్రం లెక్కకాదు. మీ ఫోను వాడే పౌనఃపున్యాలు దీనికి అటూ ఇటూ ఉన్నాయి కానీ, 1400 నుంచి 1427 వరకు ప్రపంచమంతటా ఎవరూ ప్రసారం చేయకూడదని ఒప్పందం. ఈ పరమాణువు మాట వినడానికే ఆ నిశ్శబ్దం.

అణు హైడ్రోజన్ దగ్గర చిక్కు వస్తుంది. రెండు సమానమైన పరమాణువుల జంట కాబట్టి అంత చలిలో అది దాదాపు మూగది, రేడియో తరంగం వెలువరించదు. అందుకని దాని పక్కనే తిరిగే కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకుంటారు. సుమారు పదివేల హైడ్రోజన్ అణువులకు అది ఒకటి ఉంటుంది, 2.6 మిల్లీమీటర్ల తరంగంలో చక్కగా వినిపిస్తుంది. 1970లో ఓరియన్ నీహారికలో విల్సన్, జెఫర్ట్స్, పెన్జియాస్ మొదటిసారి గుర్తించారు. కాపలా కుక్క అరుపు విని మంద ఎంతుందో అంచనా వేయడం లాంటిది ఈ పద్ధతి. కుక్క ఒకటే, మంద చిన్నదైతే? సరిగ్గా ఆ సమస్యే కలిసిపోతున్న గెలాక్సీల్లో వచ్చింది. అక్కడ వాయువు వేడి, అల్లకల్లోలం ఎక్కువ కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ మామూలు కంటే గట్టిగా వినిపిస్తుంది. ఆ సంకేతాన్ని హైడ్రోజన్ బరువుగా మార్చే అంకెను గుణకం అంటారు. పాలపుంతకు వాడే గుణకాన్నే వాటికీ వాడితే వాయువు ఐదు రెట్ల దాకా ఎక్కువగా లెక్కలోకి వస్తుంది. ఏ గెలాక్సీకి ఏ గుణకం వాడాలన్న వాదం ఇంకా నడుస్తూనే ఉంది. ఎక్కడైనా "ఇన్ని కోట్ల సూర్యుల వాయువు" అని చదివితే ఏ గుణకంతో కట్టారో చూడండి.

ఈ పనిలో మన దేశం వాటా ఏమైనా ఉందా?

ఉంది, గర్వపడేంత ఉంది. పుణె దగ్గర నారాయణ్‌గావ్ పక్కన ఖొడద్‌లో 45 మీటర్ల వెడల్పున్న 30 యాంటెన్నాలతో జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోపు నడుస్తోంది. గోవింద్ స్వరూప్ నాయకత్వంలో కట్టారు. దూరం పెరిగేకొద్దీ విశ్వవ్యాకోచం వల్ల 21 సెంటీమీటర్ల తరంగం సాగి 40, 50 సెంటీమీటర్లవుతుంది. అలా సాగిన తరంగాల్ని పట్టడంలో దీనిది అందెవేసిన చేయి. 2020లో ఆదిత్య చౌధురి, నిస్సీమ్ కానేకర్ బృందం 7,653 గెలాక్సీల సంకేతాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, 800 కోట్ల ఏళ్ల కిందట ఒక్కో గెలాక్సీలో సగటున పరమాణు హైడ్రోజన్ ఎంతుందో కొలిచింది. ఆ నిల్వ అప్పటి నక్షత్రాల పుట్టుక వేగానికి ఒకటి రెండు వందల కోట్ల ఏళ్లకు మించి సరిపోదని తేలింది. ఆ తర్వాత విశ్వంలో నక్షత్రాల పుట్టుక ఎందుకు తగ్గిందో దీంతో అర్థమవుతుంది. బయటి నుంచి నీళ్లు రాని చెరువు అది.

అణువుల పనికి చిలీలోని అటకామా ఎడారిలో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా రేడియో టెలిస్కోపు ముఖ్యం, 66 యాంటెన్నాలు. మిల్లీమీటరు తరంగాల్ని గాలిలోని తేమ మింగేస్తుంది, అందుకే అంత ఎత్తు, అంత ఎడారి.

కలిసేటప్పుడు వాయువుకు ఏమవుతుంది?

రెండు వ్యతిరేకమైన పనులు జరుగుతాయి. కొంత బయటికి విసిరేయబడుతుంది, కొంత నడిమధ్యకు కూలుతుంది.

బయటి సంగతి ముందు. గెలాక్సీలో పరమాణు హైడ్రోజన్ పళ్లెం నక్షత్రాల పళ్లెం కంటే చాలా వెడల్పు. అంచున ఉన్న వాయువు మీద సొంత గెలాక్సీ పట్టు తక్కువ. పక్క గెలాక్సీ దగ్గరికి రాగానే, చంద్రుడు సముద్రాన్ని పొంగించినట్టు అది ఈ అంచును లాగుతుంది. దగ్గరి వైపు వంతెన, దూరపు వైపు తోక ఏర్పడతాయి. పళ్లెం తిరిగే దిశలోనే రెండో గెలాక్సీ చుట్టి వస్తే తోక చాలా పొడవు, ఎదురు దిశలో వస్తే అంతంతమాత్రం. హస్త నక్షత్రపు చుక్కల దగ్గరున్న ఎన్‌జీసీ 4038, 4039 జంటను ఆంటెన్నా గెలాక్సీలంటారు. మిడత మీసాల్లాంటి వాటి తోకల్లోనే ఆ జంట పరమాణు హైడ్రోజన్‌లో సగానికి పైగా ఉంది. కొన్ని తోకల కొసన వాయువు ముద్దకట్టి చిన్న గెలాక్సీలు కూడా పుడతాయి.

ఇక లోపలికి కూలేది. దగ్గరగా దాటి వెళ్లిన తర్వాత నక్షత్రాల పళ్లెంలో కడ్డీ లాంటి ఆకారం ఏర్పడుతుంది. వాయువు కూడా కడ్డీ కడుతుంది కానీ అది నక్షత్రాల కడ్డీ కంటే కొంచెం ముందుకు జరిగి ఉంటుంది. ముందు పోతున్న ఎద్దును వెనక నుంచి పగ్గంతో లాగినట్టు నక్షత్రాల కడ్డీ దాన్ని వెనక్కి లాగుతుంది. తిరిగే వేగం పోయిన వాయువుకు కక్ష్యలో నిలిచే బలం ఉండదు, కేంద్రం వైపు పడిపోతుంది. అక్కడ ఇరుకులో పేరుకుని కుప్పలు తెప్పలుగా నక్షత్రాల్ని పుట్టిస్తుంది, కొంత కృష్ణబిలం నోట పడుతుంది.

దీనికి పేరుమోసిన ఉదాహరణ 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఆర్ప్ 220. రెండు గెలాక్సీల కేంద్రాలు ఇంకా విడివిడిగా, 1,200 కాంతి సంవత్సరాల ఎడంతో ఉన్నాయి. చుట్టూ 5,000 కాంతి సంవత్సరాల చోటులో పాలపుంత మొత్తంలో ఉన్నంత వాయువు కుక్కి ఉంది. పాలపుంత ఏడాదికి ఒకరిద్దరు సూర్యుల బరువున్న నక్షత్రాల్ని కంటే, ఇది వందల సూర్యులంత కంటుంది. బయటికి మాత్రం మసకగా కనిపిస్తుంది, ఎందుకంటే వెలుగంతా ధూళి మింగి పరారుణ కిరణాలుగా కక్కుతుంది. 1983లో పరారుణ ఉపగ్రహం ఐరాస్ ఎగిరే దాకా ఇలాంటి గెలాక్సీలు ఎంత ప్రకాశవంతమైనవో ఎవరికీ తెలియదు. అన్నిటికంటే తీవ్రమైన ఈ రకం గెలాక్సీల్లో దాదాపు అన్నీ కలయికలో ఉన్నవేనని తర్వాత తేలింది.

ప్రతి కలయికా ఇలాగే పేలిపోతుందా?

లేదు. వార్తల్లో వచ్చేది ఆర్ప్ 220, వార్తల్లోకి రానివి వేలు. సగటున నక్షత్రాల పుట్టుక రెండు మూడు రెట్లు పెరిగితే ఎక్కువే. చల్లని వాయువు లేని రెండు గెలాక్సీలు కలిస్తే ఏమీ పుట్టదు, ఎండిన చెరువులు రెండు కలిపితే నీళ్లు రానట్టే.

గెలాక్సీల చుట్టూ, వాటి నడుమ కూడా వాయువు ఉంటుందా?

2025 మే నెలలో సరస్వతి పుష్కరాలప్పుడు కాళేశ్వరం నుంచి తిరిగొస్తూ ఒక కుటుంబం మా ఇంటికొచ్చింది. గోదావరి, ప్రాణహిత కంటికి కనబడుతున్నాయి, మూడో నది అంతర్వాహిని అంటున్నారు, ఆకాశంలో అలాంటిది ఉందా అని వాళ్లమ్మాయి అడిగింది. ఇంతకంటే మంచి ప్రశ్న నాకెవరూ వేయలేదు.

సప్తర్షి మండలం పక్కన ఎం81, ఎం82 గెలాక్సీలున్నాయి, దూరం సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాలు. ఫొటోలో వాటి నడుమ నల్లటి ఖాళీ. 1994లో అమెరికాలోని వీఎల్‌ఏ రేడియో టెలిస్కోపుతో చూసినప్పుడు ఆ రెండిటినీ, మూడోదైన ఎన్‌జీసీ 3077నూ కలుపుతూ హైడ్రోజన్ వంతెనలు బయటపడ్డాయి. విడివిడిగా ప్రశాంతంగా ఉన్నట్టు కనిపించే మూడూ ఒకదాన్నొకటి పీక్కుతిన్నాయని అలా తెలిసింది.

స్టెఫాన్ పంచకం ఇంకా పెద్ద కథ. పేరుకు ఐదైనా ఒకటి 4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో అడ్డంగా నిలబడిన గెలాక్సీ, మిగిలిన నాలుగూ 29 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్నాయి. వాటిలోకి ఒక గెలాక్సీ సెకనుకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో చొచ్చుకొస్తోంది. గెలాక్సీల నడుమ ఉన్న వాయువుకు అది తగిలి ఒక పెద్ద ఆఘాత తరంగం లేచింది. అంత దెబ్బకు అణువులు చితికిపోవాలి కదా? చితకలేదు సరికదా, అక్కడే అణు హైడ్రోజన్ గట్టిగా వెలుగుతున్నట్టు స్పిట్జర్ టెలిస్కోపు చూపించింది. చితికినది వేగంగా చల్లబడి మళ్లీ జతకడుతోందన్నమాట. 2022లో చైనాలోని 500 మీటర్ల ఫాస్ట్ రేడియో టెలిస్కోపు ఈ గుంపు చుట్టూ 20 లక్షల కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న పలచని పరమాణు హైడ్రోజన్‌ను కనిపెట్టింది. అంత పలచని వాయువు అన్నాళ్లు ఎలా మిగిలిందన్నది నిపుణులకే తలనొప్పి.

మన ఇంటి పక్కనే ఇంకొకటి ఉంది. మెగల్లానిక్ మేఘాలంటే పేరుకు మేఘాలే, నిజానికి పాలపుంత పక్కనున్న రెండు చిన్న గెలాక్సీలు. వాటి వెనక, ఆకాశంలో వంద డిగ్రీలకు పైగా సాగిన హైడ్రోజన్ ధార. ఆ రెండు మేఘాల్లో పెద్దది వరంగల్ నుంచి దక్షిణ దిగంతానికి రెండు డిగ్రీల ఎత్తుకే వస్తుంది, చిన్నది రానే రాదు. వాటిని చూడాలంటే దక్షిణానికి ప్రయాణం కట్టాల్సిందే.

వాయువు అయిపోతే గెలాక్సీ చచ్చిపోయినట్టేనా?

కొత్త నక్షత్రాలు పుట్టవు, ఉన్నవి మాత్రం వెలుగుతూనే ఉంటాయి. చిన్న ఎర్ర నక్షత్రాలు లక్ష కోట్ల ఏళ్లు కూడా ఉంటాయి. మామూలు పళ్లెం గెలాక్సీలో అణు హైడ్రోజన్ సుమారు 200 కోట్ల ఏళ్లకు సరిపోతుంది. ఆర్ప్ 220 తరహాలో పది కోట్ల ఏళ్లు కూడా ఆగదు.

అయితే చెరువు మళ్లీ నిండదని కాదు. కాకతీయుల గొలుసుకట్టులో పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండినట్టు, తోకల్లోకి విసిరిన వాయువులో కొంత కోట్ల ఏళ్లపాటు తిరిగి వచ్చి పడుతుంది. కలయిక చివరి దశలో ఉన్న 37 గెలాక్సీల్ని ఆల్మా, ఇతర టెలిస్కోపులతో చూసి 2014లో ఫలితాలు ప్రకటించారు. అణువాయువు స్పష్టంగా దొరికిన 30 గెలాక్సీల్లో 24 చోట్ల అది మళ్లీ పళ్లెంలా తిరుగుతోంది. అంతకు ముందు, కలయిక అంటే చివరికి వాయువు లేని గుడ్డు ఆకారపు గెలాక్సీయే అని పాఠాల్లో చెప్పేవాళ్లం. నేనూ చెప్పాను. దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది. ఐడీ2299 అనే దూరపు గెలాక్సీ ఏడాదికి పదివేల సూర్యులంత చల్లని వాయువును పారబోసుకుంటోందని 2021లో ఆల్మా పరిశీలకులు చెప్పారు. అది కలయిక తోకేనని వారి నిర్ణయం.

కోట్ల ఏళ్లు పట్టేదాన్ని ఎవరు చూశారని చెబుతున్నారు?

ఒక్కటీ కదలడం ఎవరూ చూడలేదు. మేడారం జాతరలో ఒక పూట నిలబడితే చంటిపాప నుంచి ముసలమ్మ దాకా అన్ని వయసులూ కనబడతాయి. మనిషి ఎలా పెరుగుతాడో తెలియడానికి డెబ్బై ఏళ్లు కాపలా కాయక్కర్లేదు. హాల్టన్ ఆర్ప్ 1966లో ఇలాంటి వింత గెలాక్సీల 338 ఫొటోలు పట్టికగా వేశాడు. ఆర్ప్ 220 అంటే ఆ పట్టికలో 220వది. 1972లో టూమ్రే సోదరులు అప్పటి కంప్యూటర్‌లో కొద్దిపాటి చుక్కలతో లెక్క కట్టి, కేవలం గురుత్వాకర్షణతోనే ఆ తోకలన్నీ వస్తాయని చూపించారు. అంతకుముందు చాలామంది అయస్కాంత క్షేత్రాల పని అనుకునేవారు.

ఫొటోల్లో రంగులు నిజమైనవేనా?

రేడియో, పరారుణ చిత్రాల్లో కావు. గుర్తు కోసం వేసినవి.

హస్త నక్షత్రంలో పుట్టినవారి మీద ఆంటెన్నా గెలాక్సీల ప్రభావం ఉంటుందా?

ఉండదు.

పాలపుంత కూడా ఢీకొంటుందట కదా, ఎప్పుడు?

ఆండ్రోమెడా సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తోంది. 400, 500 కోట్ల ఏళ్లలో కలయిక ఖాయమని చాలాకాలం చెప్పారు. 2025లో వచ్చిన కొత్త లెక్కలు పెద్ద మెగల్లానిక్ మేఘం, ఎం33 గెలాక్సీల లాగుడు కూడా కలిపి చూశాయి. వచ్చే 1,000 కోట్ల ఏళ్లలో కలిసే అవకాశం సగానికి సగమేనని తేల్చాయి. ఒకవేళ కలిసినా ఆర్ప్ 220 అంత హంగామా ఉండకపోవచ్చు, ఎందుకంటే ఆండ్రోమెడాలో చల్లని అణువాయువు పాలపుంత కంటే తక్కువ.

మన దగ్గర నుంచి వీటిలో ఏవి చూడొచ్చు?

ఆండ్రోమెడా అన్నిటికంటే సులువు. నవంబరు రాత్రుల్లో ఉత్తరాభాద్ర చుక్కలకు ఈశాన్యంగా, ఊరి దీపాలకు దూరంగా పోతే ఉత్త కంటికే మసక మరకలా కనబడుతుంది. పాకాల, లక్నవరం వైపు ఆకాశం బాగుంటుంది.

ఎం81, ఎం82కు మార్చి, ఏప్రిల్ మంచి నెలలు. సప్తర్షుల్లో పులస్త్యుడి నుంచి క్రతువు దాకా గీత గీసి, అంతే దూరం ముందుకు పొండి. ఉత్తరాన మరీ ఎత్తుకు రావు కాబట్టి అటు చెట్లు, ఇళ్లు లేని చోటు చూసుకోవాలి. చిన్న టెలిస్కోపులో రెండూ ఒకే చూపులో పడతాయి, ఒకటి గుండ్రంగా, ఒకటి పొగాకు చుట్టలా.

ఆంటెన్నా జంట కోసం హస్త కార్తెలో రాకండి. ఆ రోజుల్లో సూర్యుడే హస్తలో ఉంటాడు, రాత్రి ఆ చుక్కలు కనబడవు. ఏప్రిల్ చివర, మే మొదట్లో, అమావాస్య దగ్గర, రాత్రి తొమ్మిది దాటాక రావాలి. మీసాలు నా టెలిస్కోపులో కనబడవని ముందే చెబుతున్నాను, ఫోనులో బొమ్మ చూసి వచ్చినవాళ్లు నిరాశపడి నా మీద కోప్పడుతున్నారు. టార్చి తెస్తే దానికి ఎర్ర కాగితం చుట్టుకుని రండి.